ఖాళీ అర ఎప్పుడు తప్పు? దుకాణం ఆటల్లో సరుకు లెక్క

ఉదయం 8 గంటలకు దుకాణం తెరిచినప్పుడు అన్ని అరలూ నిండుగానే ఉన్నాయి. నీళ్ల సీసాల అరలో 24, పక్కనే సబ్బుల అరలో 24. మధ్యాహ్నం 12 అయ్యేసరికి నీళ్ల అర అడుగు కనిపిస్తోంది. సబ్బులు మాత్రం ఇంకా 20 ఉన్నాయి. కొనడానికి వచ్చిన మనిషి ఖాళీ అర ముందు ఒక్క క్షణం నిలబడి, కావలసింది దొరకలేదని పైకే అనేసి వెళ్లిపోతాడు. దుకాణం నడిపే వీడియో ఆట మొదలుపెట్టిన వారందరికీ తొలి రోజుల్లోనే ఎదురయ్యే సంగతి ఇది. అది చూసి చాలామంది నేర్చుకునే పాఠం ఒకటే: అన్ని అరలూ ఎప్పుడూ నిండుగా ఉంచాలి. ఆ పాఠం సగమే నిజం. మిగతా సగం అర్థం కావాలంటే ఆటను ఎంత శ్రద్ధగా చూడాలో, తిరుపతి గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లోని కొట్లనూ అంతే శ్రద్ధగా చూడాలి.

ఈ కోవలో ఇటీవల ఎక్కువ పేరు తెచ్చుకున్నది సూపర్‌మార్కెట్ సిమ్యులేటర్. టర్కీకి చెందిన నోక్టా గేమ్స్ తయారుచేసిన ఈ ఆట 2024 ఫిబ్రవరి 20న స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల అంగడిలో తొలి రూపంలో విడుదలైంది. ఇందులో ఆడేవారే యజమాని, ఆడేవారే కూలీ. దుకాణంలోని కంప్యూటర్లో సరుకు ఆర్డరు పెట్టాలి. పెట్టెలు వాకిట్లో దిగుతాయి. వాటిని మోసుకొచ్చి, విప్పి, అరల్లో సర్ది, ధర వేయాలి. గల్లా దగ్గర నిలబడి చిల్లర లెక్కపెట్టి ఇవ్వాలి. ఖాళీ పెట్టెల్ని చెత్తకుండీలో వేయాలి. రాత్రి 9 గంటలకు మూసేశాక అద్దె, కరెంటు బిల్లులు చూసుకోవాలి. యుద్ధాలు లేవు, పరుగు పందేలు లేవు. అయినా గంటల తరబడి కూర్చోబెట్టే శక్తి ఈ ఆటకు ఉంది. ఆ శక్తి ఎక్కువగా అరల నుంచే వస్తోంది.

అరలో ఎన్ని ఉన్నాయన్న ప్రశ్నకు విలువ తక్కువ. ఉన్నవి ఎంతసేపు వస్తాయన్నదే అసలు ప్రశ్న. పై ఉదాహరణలో నీళ్ల సీసాలు గంటకు 6 పోతున్నాయి, సబ్బు గంటకు ఒకటి. 24 సీసాలు 4 గంటలు వస్తాయి. 24 సబ్బులు 24 గంటలు వస్తాయి. ఆటలో రోజంటే 13 గంటలే కాబట్టి సబ్బుల అర దాదాపు రెండు రోజులు చూడకుండా వదిలేయవచ్చు. చూడటానికి రెండు అరలూ సమానంగా నిండి ఉన్నా, కాలం లెక్కలో ఒకటి మరొకదానికి ఆరింతలు. రోజుకు 78 సీసాలు పోయే చోట ఒక్క అర ఇచ్చి, రోజంతా దాని చుట్టూ తిరగడం కన్నా మూడు అరలు ఇవ్వడం మేలు. 72 సీసాలతో 12 గంటలు గడుస్తాయి. చివరి గంటకు ఒక్కసారి ముట్టుకుంటే చాలు. ఆటలో ఒక అరలో ఒకే రకం వస్తువు పెట్టాలి కాబట్టి, ఏ వస్తువుకు ఎన్ని అరలు ఇస్తారన్నదే ఆడేవారి తీర్పు. అందంగా కనిపించాలని ప్రతి వస్తువుకూ సమానంగా పంచేవారు రోజంతా పరుగులు పెడుతూనే ఉంటారు.

అయితే నిదానంగా కదిలే సరుకును తీసిపారేయాలని దీని అర్థం కాదు. గంటకు ఒకటే పోయినా నెయ్యి డబ్బా మీద మిగిలే లాభం పది నీళ్ల సీసాల మీద మిగిలేదానికి సమానం కావచ్చు. అలాంటి వస్తువు అర నుంచి మాయం కాకూడదు, అరంతా ఆక్రమించనూ కూడదు.

ఆట మొదట్లో కొరతగా ఉండేది డబ్బు. ఈ దశలో వాకిట్లో దిగిన ప్రతి పెట్టే చేతిలోంచి జారిపోయిన రొక్కం. చేతిలో 1,000 ఉన్నాయనుకుందాం. ఆ రోజు మార్కెట్లో నూనె ధర తగ్గిందని 400 పెట్టి నాలుగు పెట్టెలు కొంటే కొన్న ధర దృష్ట్యా అది లాభమే. కానీ ఆ నూనె అమ్ముడుపోవడానికి నాలుగు రోజులు పడితే, ఆ నాలుగు రోజులూ 400లో చాలా భాగం వెనక గదిలో కదలకుండా పడి ఉంటుంది. ఈలోగా కొత్త రకాల సరుకు అమ్ముకోవడానికి ఆటలో కొనాల్సిన లైసెన్సు వాయిదా పడుతుంది. రొట్టె, పాలు, గుడ్లు అయిపోతే తిరిగి తెప్పించడానికి డబ్బు ఉండదు. పెట్టుబడి ఇరుక్కుపోయిందని కిరాణా వ్యాపారులు అనేది సరిగ్గా ఈ స్థితినే. ఖాళీ అర నష్టాన్ని కంటికి చూపిస్తుంది, నిండిన గోడౌను దాచిపెడుతుంది. తొలి వారంలో ఆటగాళ్లను దివాలా అంచుకు తీసుకెళ్లగలిగేది ఈ రెండో రకం నష్టం. అందుకే ఈ దశలో కొన్ని అరలు సాయంత్రానికి ఖాళీ అవుతున్నా భయపడనవసరం లేదు. వేగంగా తిరిగే నాలుగైదు వస్తువుల అరలు నిండుగా ఉంటే ఆ డబ్బు మర్నాడే తిరిగి చేతికొస్తుంది, మళ్లీ సరుకవుతుంది.

రెండో దశలో డబ్బు ఉంటుంది, చేతులు చాలవు. ఆటలోని అసలు అందం ఇక్కడుంది. సరుకు నిర్వహణ శాస్త్రంలో మళ్లీ ఆర్డరు పెట్టాల్సిన మట్టం అని ఒకటి ఉంటుంది. సరుకు వచ్చేలోగా అమ్ముడుపోయేది ఎంతో లెక్కగట్టి, దానికి కొంత జాగ్రత్త నిల్వ కలిపితే వచ్చే సంఖ్య అది. ఆటలో పెట్టెలు చాలా త్వరగా వాకిట్లో దిగుతాయి కాబట్టి ఈ లెక్క అక్కర్లేదని అనిపిస్తుంది. కానీ పెట్టె వాకిట్లో దిగడం వేరు, సీసా అర మీదికి చేరడం వేరు. ఆ మధ్య దూరం నడవాల్సింది ఆడేవారే. గల్లా దగ్గర ముగ్గురు వరుసలో ఉంటే కదలడానికి లేదు. వారిని పంపి, వాకిట్లోకి వెళ్లి, పెట్టె ఎత్తి, అర దాకా నడిచి, ఒక్కొక్కటే పేర్చేసరికి ఆట గడియారంలో గంట గడిచిందనుకుందాం. అంటే 6 సీసాలు పోయాయి. ఆ గంటలో బేరం పుంజుకుంటే 8 కూడా పోవచ్చు. కాబట్టి అరలో 8 సీసాలు మిగిలినప్పుడే లేవాలి. రెండు మిగిలినప్పుడు లేస్తే అప్పటికే ఆలస్యమైంది. సరుకు దూరం నుంచి రావడం వల్ల కలిగే ఆలస్యం కాదిది, మనిషి ఒక్కడే కావడం వల్ల కలిగే ఆలస్యం. ఒంటరిగా కొట్టు నడిపే ఎవరిని అడిగినా ఇదే చెబుతారు.

మొదటి జీతగాడిగా ఎవరిని పెట్టుకోవాలన్న ప్రశ్నకు జవాబు కూడా ఇందులోంచే వస్తుంది. అరలు ఖాళీ అవుతున్నాయని సర్దే మనిషిని ముందు పెట్టుకోవాలనిపిస్తుంది. నిజానికి సర్దడం ఆలస్యమయ్యేది గల్లా వల్ల. గల్లాకు మనిషిని పెడితే ఆడేవారి కాళ్లు విడుదలవుతాయి, అరల సమస్యలో చాలా భాగం దానంతటదే తీరుతుంది. సర్దే మనిషి ఆ తర్వాత రావచ్చు. ఆయన వచ్చాక క్రమశిక్షణ మారాలి. ఆట తొలి రూపంలో ఆయన వాకిట్లో పడేసిన పెట్టెల జోలికి వెళ్లడు. వెనక గదిలో ర్యాకుల మీద ఉన్న సరుకునే తీసుకుంటాడు. అర మీద ధర చీటీ ఉన్న వస్తువునే ఆ అరలో నింపుతాడు. సరుకు అయిపోయినా చీటీ అర మీద అలాగే ఉంటుంది. ఖాళీ అర, దాని మీద చీటీ: అదే ఆయనకు ఆజ్ఞ.

ఈ చిన్న ఏర్పాటు వెనక పెద్ద చరిత్ర ఉంది. జపాన్ కార్ల కంపెనీ టయోటా కర్మాగారాల్లో ఇంజనీరు తైచీ ఓనో అమలు చేసిన, చీటీలతో సరుకు తెప్పించే కాన్‌బాన్ పద్ధతికి ప్రేరణ అమెరికా సూపర్‌మార్కెట్ల అరలే. కొనేవాడు ఒక వస్తువు తీసుకుంటే ఆ ఖాళీయే దాన్ని మళ్లీ నింపమని చెబుతుంది. తయారుచేసి ముందుకు తోయడం కాకుండా, వాడకం వెనక నుంచి లాగడం. 1956లో ఓనో అమెరికా వెళ్లినప్పుడు కార్ల ఫ్యాక్టరీలతో పాటు ఈ దుకాణాల పద్ధతి మీద కూడా దృష్టి పెట్టారు. అర నుంచి ఫ్యాక్టరీకి వెళ్లిన ఆ ఆలోచన, ఆటలో మళ్లీ అర మీదికే చీటీగా తిరిగి వచ్చింది.

మూడో దశలో డబ్బూ ఉంటుంది, మనుషులూ ఉంటారు, అరలే చాలవు. కొత్త లైసెన్సుతో వచ్చిన ప్రతి వస్తువూ పాత వస్తువు చోటు అడుగుతుంది. ఇక్కడ పాతకాలపు వ్యాపారులు పాటించే ఒక పద్ధతి ఆటలోనూ బాగా పనిచేస్తుంది. ప్రతి వస్తువుకూ అర మీద ఉన్న సరుకు కాక వెనక ఒకే ఒక్క పెట్టె. ఆ వెనక పెట్టె విప్పిన రోజే కొత్త పెట్టెకు ఆర్డరు. లెక్కల పుస్తకం చూడనక్కర్లేదు, అమ్మకం వేగం గుర్తుపెట్టుకోనక్కర్లేదు. పెట్టె విప్పడమే లెక్క. వేగంగా పోయే నాలుగైదు వస్తువులకు మాత్రం వెనక రెండు మూడు పెట్టెలు ఉండాలి.

ఒక్కో ఆర్డరుకు ఇంతని రవాణా ఖర్చు పడే ఆటలో మరో ప్రశ్న వస్తుంది. ఒకేసారి ఎన్ని పెట్టెలు తెప్పించాలి? తక్కువ తెప్పిస్తే రవాణా పెరుగుతుంది, ఎక్కువ తెప్పిస్తే పెట్టుబడి ఆగిపోతుంది. దీనికి ఫోర్డ్ హారిస్ అనే అమెరికన్ 1913లోనే సూత్రం ఇచ్చారు. అందులో ఆశ్చర్యపరిచే విషయం వర్గమూలం. అమ్మకం నాలుగింతలైతే ఆర్డరు నాలుగింతలు కానక్కర్లేదు, రెండింతలు చాలు. దుకాణం పెరిగిందన్న ఉత్సాహంలో అదే నిష్పత్తిలో పెట్టెలు పెంచేవారి వెనక గది ఎందుకు ఇరుకైపోతుందో ఈ ఒక్క మాటతో తెలిసిపోతుంది.

ఇంతవరకు ఆట నేర్పేదంతా గట్టి పాఠమే. కానీ తిరుపతి తీర్థకట్ట వీధిలో నిలబడి చూస్తే ఆట వదిలేసినవి కూడా కనిపిస్తాయి.

వాటిలో మొదటిది దుకాణదారు నోరు. గల్లా వెనక మనిషి, ఆయన వెనక సరుకు, ముందు నిలబడి అడిగే కొనుగోలుదారు: మన కిరాణా కొట్టు రూపం ఇప్పటికీ చాలాచోట్ల ఇదే. ఒకప్పుడు అమెరికాలోనూ ఇదే. 1916లో టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ పిగ్లీ విగ్లీ దుకాణం తెరిచి, కొనేవారు తామే అరల మధ్య తిరిగి తీసుకునే ఏర్పాటు చేశాక పరిస్థితి మారింది. అప్పటి నుంచి అరే అమ్మకందారు. కొట్లో మాట ఎలా నడుస్తుందో ఒకసారి చూడాలి.

“అన్నా, ఆ కంపెనీ కందిపప్పు ఉందా?”

“అది అయిపోయిందమ్మా. ఇది తీసుకుని చూడండి, బాగా ఉడుకుతుంది. నచ్చకపోతే వెనక్కి ఇవ్వండి.”

అరలో లేని వస్తువు వల్ల పోవాల్సిన బేరం ఆ ఒక్క మాటతో నిలిచింది. ఆటలో కొనేవారికి ఈ మాట చెప్పే వీలు లేదు. కావలసింది లేకపోతే లేదన్నమాటే. అందుకే ఆటలో ఖాళీ అరకు పడే శిక్ష నిజం కొట్టులో పడేదానికన్నా కఠినంగా ఉంటుంది. ఇది ఆటలోని లోపం కాదు. సూపర్‌మార్కెట్ స్వభావమే అంత. గల్లా ఉన్న కొట్లో పెరిగినవారు ఆ తేడాను గుర్తుపెట్టుకుని ఆడాలి.

రెండోది ఆలస్యం. నిజం కొట్టుకు ఏజెన్సీ బండి దాని వంతు రోజునే వస్తుంది. వారానికి రెండుసార్లు వస్తే మూడు నాలుగు రోజుల అమ్మకాన్ని ముందే ఊహించి చెప్పాలి. ఆలస్యం ఉన్నచోట కంగారు ఎంత నష్టం చేస్తుందో చూపించడానికి 1960 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జే ఫారెస్టర్ బృందం ఒక ఆటనే తయారుచేసింది. బీర్ గేమ్ అనే ఆ ఆటలో చిల్లర దుకాణం, టోకు వ్యాపారి, పంపిణీదారు, ఫ్యాక్టరీ ఒకరి వెనక ఒకరు ఉంటారు. కొనేవారి గిరాకీ కొద్దిగా పెరిగితే చాలు, సరుకు రావడం ఆలస్యమైందని ఒక్కొక్కరూ కాస్త ఎక్కువ ఆర్డరు పెడతారు. ఆ కాస్త చివరికి ఫ్యాక్టరీ దగ్గర కొండంత అవుతుంది. కొన్ని వారాల తర్వాత అందరి గోడౌన్లూ నిండిపోయి ఆర్డర్లు ఆగిపోతాయి. సరుకు త్వరగా దిగే కంప్యూటర్ ఆటల్లో ఈ అల కనిపించదు. సరుకు లెక్కలో అత్యంత లోతైన పాఠం ఇదే అయినందువల్ల, దాన్ని వదిలేయడం నిజంగా విచారించాల్సిన విషయం.

మూడోది క్యాలెండరు. ఆటలో దుకాణం పెరిగేకొద్దీ జనం పెరుగుతారు. ఆ పెరుగుదల నునుపుగా సాగుతుంది. తిరుపతిలో గిరాకీ అలా ఉండదు. బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులు, అందులోనూ గరుడసేవ రోజు. పెరటాసి నెలలో తమిళనాడు నుంచి భక్తులు పోటెత్తే శనివారాలు. వైకుంఠ ఏకాదశి. వేసవి సెలవులు. మే నెలలో ఊరివారి సొంత పండుగ గంగమ్మ జాతర. వచ్చేవారిలో చాలామంది మళ్లీ ఆ కొట్టుకు రారు. చిన్న ప్యాకెట్లు, నీళ్లు, కర్పూరం, తలనీలాలు ఇచ్చినవారికి టోపీలు కావాలి. కొండ మీదికి వెళ్లేవారికి ప్లాస్టిక్ నీళ్ల సీసా అమ్మితే అది పైన పనికిరాదు, అక్కడ నిషేధం ఉంది. అదే 70 కిలోమీటర్ల దూరంలో చిత్తూరు కొంగారెడ్డిపల్లెలో ఒక కాలనీ కొట్టును తీసుకుంటే అంతా తిరగబడుతుంది. వచ్చేవారు ఎప్పుడూ వచ్చేవారే. జీతాలు పడిన మొదటి వారంలో నెల సరుకుల చీటీ వస్తుంది. బియ్యం, నూనె, పప్పు పెద్ద మొత్తంలో పోతాయి. నెలాఖరులో పాలు, పెరుగు, అరువు. ఒకే జాబితాలోని ఒకే వస్తువుకు ఈ రెండు చోట్లా అరలు వేరేగా పంచాలి. తిరుపతిలో నీళ్లకు మూడు అరలు సరైతే, చిత్తూరు కాలనీలో మొదటి వారం ఆ మూడూ బియ్యం సంచులకు వెళ్లాలి. ఆటలోని కొనుగోలుదారు యాత్రికుడూ కాడు, పొరుగింటివాడూ కాడు. ఆయనకు పండుగ లేదు, జీతం రోజు లేదు.

అన్నిటికన్నా పెద్దది నాలుగోది. ఆట తొలి రూపంలో సరుకు పాడైపోదు. రాత్రి మిగిలిన రొట్టె మర్నాడు ఉదయం అదే ధరకు, అంతే తాజాగా అమ్ముడవుతుంది. ఈ ఒక్క సౌకర్యం అర లెక్క మొత్తాన్ని మార్చేసింది. గుడి దగ్గర మల్లెపూలు అమ్మే బుట్టతో పోల్చి చూద్దాం. మూర 20 రూపాయలకు కొని 30కి అమ్ముతారనుకుందాం. ఒక మూర తక్కువ తెస్తే పోయేది 10 రూపాయల లాభం. ఒక మూర మిగిలిపోతే రాత్రికి వాడిపోయి 20 రూపాయలూ పోతాయి. తప్పు ఒకే రకమైనదైనా ఒకవైపు 10, మరోవైపు 20. తక్కువైతే పోయే 10ని ఈ రెండింటి మొత్తం 30తో తూస్తే వచ్చే నిష్పత్తి మూడింట ఒకటి. మూడు రోజుల్లో ఒక్క రోజే అడిగినవారందరికీ పూలు సరిపోవాలి. అంటే మూడు రోజుల్లో రెండు రోజులు బుట్ట ఖాళీ కావాలి, ఆ తర్వాత వచ్చి పూలు అడిగినవారు లేవనిపించుకుని వెళ్లాలి. అంతకన్నా ఎక్కువ తెస్తే ఎవరినీ వెనక్కి పంపలేదన్న తృప్తి మిగులుతుంది, డబ్బు మిగలదు. పండుగ రోజైనా ఈ నిష్పత్తి మారదు. ఆ నిష్పత్తికి సరిపోయే మూరల సంఖ్య మాత్రమే పెరుగుతుంది. వాడిన పూలను ఎవరైనా 10 రూపాయలకు తీసుకునే దారి ఉంటే మాత్రం నిష్పత్తే మారుతుంది. అప్పుడు మిగిలితే పోయేది 10, తక్కువైతే పోయేది 10. రెండు రోజులకు ఒక రోజు బుట్ట ఖాళీ అయితే చాలు.

ఈ తూకం ఉప్పుకు వర్తించదు. ఉప్పు మిగిలితే రేపు అమ్ముడవుతుంది. అది అరలో లేకపోవడం ఎప్పుడూ తప్పే. ఆటలో అన్ని వస్తువులూ ఉప్పులాగే ప్రవర్తిస్తాయి కాబట్టి, ఖాళీ అర కనిపిస్తే ఆటగాళ్ల మనసు చివుక్కుమంటుంది. పాడయ్యే సరుకుకు వేరే నియమం ఉందని తెలుసుకోవాలంటే ఆటను మార్చనక్కర్లేదు, ఒక కాగితం చాలు. రోజూ రాత్రి 9కి దుకాణం మూశాక అరలో మిగిలిన రొట్టెలు, పండ్లు, కూరగాయలు ఎన్నో రాసి, కొన్న ధరతో గుణించి, ఆ మొత్తాన్ని ఆ రోజు లాభంలోంచి తీసేసి చూడాలి. వారం రోజులు అలా ఆడితే రొట్టెల అరను ఆడేవారే సగానికి తగ్గించుకుంటారు. సాయంత్రం 7 గంటలకు అది ఖాళీ అయినా గల్లా దగ్గరి నుంచి లేవరు. పక్కన ఉప్పు ప్యాకెట్ల అర మాత్రం మునుపటిలాగే నిండుగా ఉంటుంది.